పెద్దబోరు రివాల్వరు - ఎంపిక అధికారం: ఉత్తరాంధ్ర చరిత్ర నేపథ్యం

వ్యాససంగ్రహం:
శక్తిమంతమైన పెద్దబోరు రివాల్వరు ఎంపికను సాధారణంగా సాంకేతిక విషయంగా చూస్తారు. బోరును నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉండేదన్నది చారిత్రక ప్రశ్న. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల ఘటనల ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: బొబ్బిలి, పద్మనాభం, రివాల్వరు, బోరు, ఆయుధాల చట్టం, మందస, లేవిడి.

1. ఉపోద్ఘాతం:
ఉత్తరాంధ్ర జనస్మృతిలో వీరుని ఆయుధం కత్తి లేదా బాకు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం తలపుకు రాగానే విజయరామరాజు గుడారంలో తాండ్ర పాపారాయుని బాకు కళ్లముందు మెదులుతుంది. అయితే ఆ బాకు లేచేనాటికే కోట కూలిపోయింది. బొబ్బిలి మట్టిగోడలకు గండ్లు పెట్టినవి బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచివారి ఫిరంగులు. కథలో గెలిచినది బాకు, యుద్ధాన్ని తేల్చినది మందుగుండు. ఈ అంతరాన్ని గమనించకపోతే ఆ తరువాతి రెండు శతాబ్దాల ఆయుధచరిత్ర బోధపడదు.

2. పద్మనాభం నుంచి నిరాయుధీకరణకు:
విజయనగరం సంస్థానం చెల్లించవలసిన పేష్కషు బకాయిల వివాదం ముదిరి 1794 జులై 10న పద్మనాభం యుద్ధానికి దారితీసింది. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన కంపెనీ సేన ముందు చిన విజయరామరాజు, ఆయన అనుచరులు నేలకొరిగారు. ఎదుటివారి ధైర్యం చాలనందువల్ల వచ్చిన విజయం కాదది. క్రమశిక్షణతో ఒక్కుమ్మడిగా పేల్చే తుపాకుల వరుసలు తెచ్చిన విజయం. అటుపిమ్మట 1802లో ఈ ప్రాంతంలో అమలైన శాశ్వత శిస్తు విధానం జమీందారును శిస్తు వసూలుదారుగా మిగిల్చింది. సొంత సేనలకు కాలం చెల్లింది.

3. పెద్దబోరు వెనుక ఉన్న వాదం:
శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు పొందిన రివాల్వరు, శతాబ్దం ముగిసేసరికి సామ్రాజ్య అధికారి నడుముకు చేరింది. బ్రిటిష్ సైన్యం 1887లో .455 బోరు వెబ్లీ రివాల్వరును స్వీకరించింది. ఈ బోరు సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు. 1915లో వచ్చిన ఆరవ నమూనా బరువు దాదాపు కిలోకు పైమాటే.

అంత పెద్ద బోరు ఎందుకు? దగ్గరికి దూసుకొచ్చే మనిషిని ఒకే తూటాతో నిలువరించాలన్నది నాటి సమాధానం. ఈ సమాధానంలో జాతివివక్ష దాగి ఉంది. నాగరిక సైనికుడు గాయపడితే ఆగిపోతాడని, 'అనాగరికుడు' ఆగడని 1899 హేగ్ సమావేశంలో బ్రిటిష్ ప్రతినిధి సర్ జాన్ ఆర్డా వాదించాడు. శరీరంలో విచ్చుకునే తూటాకు 'దమ్‌దమ్' అన్న పేరు కలకత్తా సమీపంలోని ఆయుధాగారం నుంచే వచ్చింది. ఆ వాదాన్ని తోసిపుచ్చి, అటువంటి తూటాలను నిషేధించే ప్రకటనను ఆ సమావేశం వెలువరించింది.

పెద్దబోరుకు మూల్యమూ ఉంది. తూటా బరువు, వేగం పెరిగేకొద్దీ చేతిపై వెనుదెబ్బ పెరుగుతుంది. రెండో గుండు గురి చెదురుతుంది. అలవాటు లేనివాడు పేల్చకముందే బెదిరి మణికట్టును వంచుతాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కొత్తవారికి శిక్షణ ఇచ్చిన అనుభవంతో బ్రిటిష్ సైన్యం 1932లో .38 బోరు ఎన్‌ఫీల్డ్‌కు మారింది. బలమైన ఆయుధం కంటె అదుపులో ఉండే ఆయుధమే మేలని సామ్రాజ్యమే చివరకు అంగీకరించినట్లయింది.

4. చట్టం గీసిన గీత:
లిట్టన్ కాలపు 1878 ఆయుధాల చట్టం భారతీయునికి లైసెన్సును తప్పనిసరి చేసింది. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు లభించింది. స్వాతంత్ర్యానంతరం 1959 చట్టం ఈ జాతిభేదాన్ని తొలగించినా బోరుపై అదుపును నిలుపుకొంది. 1962 నిబంధనలు .380, .455 తూటాలు పేల్చగల రివాల్వర్లను నిషిద్ధ బోరు వర్గంలో చేర్చాయి. అందువల్లనే లైసెన్సుదారుకు ప్రభుత్వ కర్మాగారాల .32 రివాల్వరు వంటివే మిగిలాయి. ఇక్కడ ఎంపిక దుకాణంలో మొదలుకాదు, నిబంధనల అనుబంధంలోనే ముగుస్తుంది.

5. తుపాకీ ఎదుట నిలిచినవారు:
ఆయుధం ఎవరికి దక్కిందన్న ప్రశ్నకు మరో ముఖం కూడా ఉంది. 1940లో మందస జమీందారీలో అడవి హక్కుల కోసం నిలిచిన రైతులపై పోలీసులు కాల్పులు జరిపారు. గుడారి రాజమణిపురానికి చెందిన సాసుమాన గున్నమ్మ ఆ కాల్పుల్లోనే అమరురాలైంది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి వద్ద భూస్వామి వర్గం కాల్పులు జరపగా కోరన్న, మంగన్న మరణించారు. అంటే గిరిజనునికి అందని తుపాకీ భూస్వామి పక్షానికి అందింది. శ్రీకాకుళ పోరాటం సాయుధ రూపం దాల్చడానికి ఈ ఘటన ప్రధాన కారణమైంది. నాటుతుపాకులు, బల్లేలు, విల్లంబులతో సాగిన ఆ పోరు, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణంతో కోలుకోలేని దెబ్బతిన్నది.

6. ముగింపు:
బొబ్బిలి నుంచి లేవిడి వరకు ఒకే సూత్రం కనిపిస్తుంది. మెరుగైన ఆయుధాన్ని ఎంచుకునే అవకాశం అధికారానికి దగ్గరగా ఉన్నవారిది. ఎదురునిలిచినవారిది చేతికందిన ఆయుధం, ఒక్కొక్కసారి వట్టిచేయి. జనస్మృతి బాకును గానం చేయడంలో తప్పులేదు, అది ఓడినవారి ఆత్మగౌరవానికి గుర్తు. అయితే చరిత్రకారుడు బాకుతోపాటు ఫిరంగిని, రివాల్వరుతోపాటు లైసెన్సు పత్రాన్ని కూడా చదవాలి. గున్నమ్మ చేతిలో తుపాకీ ఎందుకు లేదో, ఆమె ఎదుట ఎందుకు ఉందో చెప్పగలిగినప్పుడే ఉత్తరాంధ్ర ఆయుధచరిత్ర సమగ్రమవుతుంది.