సూదియు దారమును: మెదకు సీమ తండాల కుట్టుపని

1930వ సంవత్సరమున జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినపుడు దానికి అధ్యక్షత వహించినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. ఆ సందర్భముననే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగినది. ప్రతాపరెడ్డిగారు తరువాతి కాలమున ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను రచించి, రాజుల దండయాత్రలకంటె ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు చరిత్రకు ముఖ్యములని నిరూపించిరి. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగునకు ఇచ్చిన మొట్టమొదటి బహుమానము ఆ గ్రంథమునకే లభించినది. అట్టి దృష్టికి జోగిపేట పరిసరములలోనే వలసినంత సామగ్రి కలదు. జోగిపేటనుండి నారాయణఖేడు వైపునకును, సంగారెడ్డినుండి జహీరాబాదు వైపునకును పోవు బాటల కిరుప్రక్కల అనేకములగు లంబాడీ తండాలున్నవి. ఆ తండాల స్త్రీలు సూదితో వ్రాసికొన్న చరిత్ర యొకటి కలదు. అది కాగితము మీద లేదు. రవికల మీదను, సంచుల మీదను, నీళ్లబిందెల మీద కప్పు గుడ్డల మీదను ఉన్నది.

తండా యను మాటకు నేడు పల్లె యని అర్థము. పూర్వ మది పల్లె కాదు, ప్రయాణము. ఎద్దుల మీద ధాన్యమును, ఉప్పును మోసికొని దేశములు తిరుగు బిడారునకు తండా యని పేరు. లవణమను మాటనుండి లంబాడీ, లమాణీ యను పేర్లును, వాణిజ్యమను మాటనుండి బంజారా యను పేరును వచ్చినవని సాధారణముగా చెప్పుదురు. పదునేడవ శతాబ్దమున గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ బిడారులను స్వయముగా చూచినవాడు. ఒక్కొక్క బిడారులో పది పన్నెండు వేల ఎద్దులుండెడివని ఆతడు వ్రాసినాడు. ఇంతటి మంద దారి కడ్డము వచ్చినపుడు బాటసారి గంటల తరబడి నిలిచిపోవలసినదే. మొగలాయి సేనలు దక్కనునకు దిగినపుడు వాటికి తిండిగింజలు మోసినవారును వీరే. సేనాపతుల పేర్లు చరిత్రలో మిగిలినవి; గింజలు మోసినవారి పేర్లు మిగులలేదు.

ఇల్లు లేక తిరుగువారికి గోడలుండవు; కావున గోడల మీద చిత్రములుండవు. కొయ్యపెట్టెలు, మంచములు, బరువైన పాత్రలు వారికి పనికిరావు. మడిచి ఎద్దుమీద వేసికొనదగినదే వారికి సొత్తు. అందుచేత ఇతరులు గోడకును, గడపకును, వాకిలికిని చేయు అలంకారమంతయు వీరు గుడ్డకు చేసిరి. సంచికి పువ్వులు పెట్టిరి. బిడారు ముందు నడచు ఎద్దునకు గవ్వలతోడను, అద్దములతోడను నిండిన ముఖపట్టమును, వీపు గుడ్డను కుట్టి కప్పిరి. వక్క, ఆకు పెట్టుకొను చిన్నసంచి మొదలు పెండ్లికూతురి వస్త్రముల వరకు సూది సోకని వస్తువు లేదు. ఈ కుట్టుపని విలాసమని కొందరు తలంతురు. అది వారికి ఇల్లు కట్టుటతో సమానము.

తండా స్త్రీ వేషమున మూడు భాగములు గలవు. నడుమునుండి క్రిందికి ఫేటియా యను నిండు కుచ్చుల లంగా, పైని కాంచళి యను రవిక, తలమీద టుక్రీ యను మేలిముసుగు. కాంచళికి వీపు ఉండదు. వెనుక త్రాళ్లతో ముడివేసికొందురు. ముందు భాగమంతయు అతుకులతోను, అద్దములతోను, వెండి నాణెములతోను నిండియుండును. హైదరాబాదు సంస్థానపు హాలీ సిక్కా 1959లో చలామణినుండి తొలగిపోయినది. అంగడిలో చెల్లని ఆ నాణెము కాంచళి మీద మాత్రము చెల్లుచునే వచ్చినది.

ఇక పనితనమును గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. తండా కుట్టునకు ఆధారము ముతక నూలుగుడ్డ. దానిని నీలితోను, ఎరుపుతోను అద్దించి, క్రింద ఒకటి రెండు పాత గుడ్డల పొరలు వేసి దిట్టము చేసికొందురు. పొరలు కదలకుండ సన్నని పరుగు కుట్లు వేయుదురు. ఆ కుట్లే నేలగా పైని రంగుదారముల పని సాగును. చతురములు, త్రికోణములు, వజ్రాకారములు, అల్లిక గళ్లు వీరికి ప్రియములైన రూపములు. తీగలు, చిలుకలు, హంసలు తక్కువ. దీనికి కారణము రుచి మాత్రమే కాదు. పనిచేయు విధానమునందే కలదు. తండా స్త్రీ గుడ్డమీద ముందుగా బొమ్మ గీయదు, అచ్చు వేయదు. నేతలోని పోగులను కంటితో లెక్కించుకొని సూది దింపును. నాలుగు పోగులు విడిచి ఒక కుట్టు, మరల నాలుగు విడిచి ఇంకొకటి. ఇట్లు లెక్కతో సాగిన కుట్టు నిలువుగానో, అడ్డముగానో, ఏటవాలుగానో పోవును గాని వంపు తిరుగుట కష్టము. అక్షరము రాని స్త్రీ ఒక చేరెడు గుడ్డలో వందలకొలది పోగుల లెక్క తప్పకుండుట చూచినచో, లెక్కల చదువు బడిలోనే యుండునను మాట నమ్మబుద్ధి పుట్టదు.

అద్దము బిగించు రీతి మరియొకటి. అద్దపు ముక్కకు బెజ్జముండదు. కావున దానిని నేరుగా కుట్టుటకు వీలులేదు. మొదట దానిమీదుగా నిలువున రెండు దారములు, అడ్డముగా రెండు దారములు లాగి చట్రము కట్టుదురు. తరువాత ఆ చట్రపు దారములను పట్టుకొని అంచు చుట్టును ముడికుట్టు త్రిప్పుచు, దారములను వెలుపలికి లాగుదురు. చివరకు అద్దము నడుమ తెరపి ఏర్పడి, చుట్టును దారపు గట్టు నిలుచును. ఈ అద్దములు అడవి మృగములను బెదరించుటకని కొందరు, దిష్టి తగులకుండుటకని మరికొందరు చెప్పుదురు. ఎండలో నడచు మనిషి మీద వెలుగు మెరయుట అందముగా నుండునను కారణము చాలదా?

కుట్లకు వారి భాషలో వేరువేరు పేర్లున్నవి. కర్ణాటకమున సండూరు ప్రాంతపు లంబాణీ స్త్రీలు కీలన్, వేలె, బక్క్యా, మకీ, కాన్స్, రేలో మొదలగు పదునాలుగు కుట్లను పేర్కొందురు. గవ్వల కుట్టునకు కౌడీ యని పేరు.

పండుగలకును ఈ సూదిపనికిని గట్టి సంబంధము కలదు. శ్రావణ మాసమున కన్నెపిల్లలు తీజ్ పండుగ జరుపుకొందురు. చిన్నబుట్టలలో మన్నును ఎరువును నింపి గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నీరు పోసి మొలకలు పెంచి, చివరి దినమున ఆటపాటలతో నీట కలుపుదురు. దీపావళి రాత్రి పిల్లలు దీపములు పట్టుకొని తండాలోని ప్రతి ఇంటికిని పోయి, పెద్దలకు మేలు కోరుచు పాడుదురు. ఊరి స్త్రీలు తంగేడు పూవును, రంగులద్దిన గునుగును వరుసలుగా పేర్చి బతుకమ్మను నిలుపునపుడు చూపు నేర్పునే తండా పిల్లలు బట్టమీద చూపుదురు. ఒకటి తొమ్మిది దినములకు నీటిపాలగును. ఇంకొకటి తల్లినుండి కూతురికి వచ్చును. పెండ్లి కుదిరిన పిల్లకు తన సారెను తానే కుట్టుకొనుట ఆచారము. బిందెను తలమీద నిలుపు చుట్టకుదురు, దానినుండి వెనుకకు వ్రేలాడు గవ్వల గుడ్డ, బిందెపై కప్పు చతురపు గుడ్డ ఆ సారెలో ముఖ్యములు. ఎద్దుమీద నిలబడి పుట్టినింటిని విడుచు పాట పాడు పెండ్లికూతురి వెంట అత్తవారింటికి పోవునది ఆమె చేతిపనియే.

ఈ జీవనమునకు మొదటి దెబ్బ తగిలినది 1874లో. ఆ సంవత్సరమున వాడినుండి హైదరాబాదునకు రైలు నడచినది. ఒక బండిలో పోవు ఉప్పును మోయుటకు వేయి ఎద్దులు అక్కరలేకపోయినవి. బిడారులు క్రమముగా నిలిచిపోయినవి. తండా నేలమీద కూర్చున్నది. పోడు చెక్కలు, పశువుల మందలు, కూలిపని వారికి దిక్కైనవి. సయ్యద్ సిరాజుల్ హసన్ నైజాము రాజ్యపు కులములను గూర్చి 1920లో ప్రచురించిన గ్రంథమున బంజారాల కొక ప్రకరణము కలదు. అప్పటికే బిడారు వ్యాపారము గతించిన కథ. కుట్టుపనిలో మొదట పోయినది ఎద్దుల అలంకారము. ఎద్దు సరకు మోయుట మాని నాగలి లాగినపుడు దానికి అద్దాల ముఖపట్ట మెందుకు? మనిషి బట్ట మాత్రము మరి నూరేండ్లు నిలిచినది.

రెండవ మార్పు పటాన్‌చెరువునుండి వచ్చినది. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము 1960 తరువాతి దశకములో నెలకొన్నది. 1972లో పటాన్‌చెరువున మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ స్థాపింపబడినది. ఆ దశకముననే చుట్టుప్రక్కల పారిశ్రామికవాడలు పెరిగినవి. బొంబాయి బాట పొడవునను మందుల కర్మాగారములు, ఇనుప కర్మాగారములు వెలసినవి. తండాలనుండి యువకులు, తరువాత యువతులు కూలికి వచ్చిరి. కుచ్చుల లంగా, వ్రేలాడు మేలిముసుగు, గలగలలాడు నాణెములు యంత్రముల దగ్గర తగినవి కావు. 1976లో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చబడుటతో పిల్లలకు వసతిగృహములును, చదువును అందుబాటునకు వచ్చినవి. అది మేలైన మార్పే. దానిని శంకించువాడు తండా కష్టము నెరుగనివాడు. కాని బడికి పోవు పిల్ల మధ్యాహ్నము తల్లి ప్రక్కన కూర్చుండి పోగులు లెక్కించుట మానినది. బస్సులోను, అంగడిలోను తన వేషమును చూచి నవ్వినవారుండుట మరియొక కారణము. దానిని చెప్పుకొనుటకు తండా స్త్రీలకు నేటికిని మనసు రాదు.

వీటికి తోడు గుడ్డయే మారినది. పాలియెస్టరు చవుక, తడిపిన వెంటనే ఆరును, రంగు దిగదు. ఇన్ని సుగుణములున్న ఆ బట్టలో ఒక్క దోషము కలదు: దాని నేతలో పోగులు కంటికి కనబడవు. పోగు కనబడనిచోట లెక్కకుట్టు లేదు. తండా కుట్టు క్షీణించుటకు పిల్లల అశ్రద్ధను నిందించు పెద్దలు, సూది దిగవలసిన నేలయే జారిపోయినదను సంగతిని మరచుచున్నారు. నేడు పండుగనాడు యువతులు ధరించు లంబాడీ దుస్తులలో చాల భాగము పట్టణపు కుట్టుయంత్రముల మీద తయారైనవి; అద్దమునకు బదులు మెరుపుబిళ్లలు అంటింపబడినవి.

పాత బట్టలు ఏమైనవి? కొన్ని చిరిగిపోయినవి. అనేకములు స్టీలు గిన్నెలకును, కొద్దిపాటి రూకలకును చేతులు మారినవి. వర్తకులు వాటిని కత్తిరించి సంచులుగను, దిండ్ల గలేబులుగను మార్చి హైదరాబాదులోను, గోవాలోను విదేశీయులకు అమ్మిరి. ఏ కన్నె ఏ పెండ్లికై ఎన్ని నెలలు కుట్టిన కాంచళియో కొన్నవారికి తెలియదు. ఎంతకు అమ్ముడైనదో కుట్టినవారికి తెలియదు. సూదిపనికి ఇంటిలో వెల లేకుండుట వేరు, అంగడిలో వెల దక్కకుండుట వేరు. గోదావరి జిల్లాల నరసాపురపు లేసుపనిలో ఈ సంగతి ఏనాడో బయలుపడినది. క్రైస్తవ మిషనరీలు పందొమ్మిదవ శతాబ్దమున నేర్పిన ఆ పని, స్త్రీలు ఇంటివద్దనే చేయుటవలన, పనిగా లెక్కింపబడక తీరిక కాలక్షేపమని పేరుపొందినది. జర్మను పండితురాలు మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథమున, ప్రపంచ విపణికి సరకు తయారుచేయు ఆ స్త్రీలు గృహిణులను పేరు చాటున ఎంత తక్కువ కూలికి పనిచేయుచుండిరో విశదపరచినది. నరసాపురపు స్త్రీ మొదటినుండియు అమ్మకమునకే అల్లినది. తండా స్త్రీ అట్లు కాదు; ఆమె తన కొరకును, తన కూతురి కొరకును కుట్టినది. అందుకే ఆమె వస్తువు అంగడికి పోయినపుడు ఆమె కెక్కువ నష్టము కలిగినది.

పోయిన విద్యను మరల తెచ్చుకొన్నవారును లేకపోలేదు. తమిళనాడులోని సిట్టిలింగి లోయలో ఈ కుట్టు ఇద్దరు ముదుసలుల చేతిలో మాత్రమే మిగిలియుండగా, 2006లో పోర్గై యను సంఘ మేర్పడి యువతులకు నేర్పినది; ఆ పేరునకు వారి భాషలో గౌరవమని అర్థము. సండూరులో 1984నుండి కుశల కళాకేంద్రము పనిచేయుచున్నది. 2023లో జి-20 దేశముల ప్రతినిధులు హంపీలో సమావేశమైనపుడు, ఆ కేంద్రపు స్త్రీలు నాలుగువందల యాబదిమందికి పైగా కలసి కుట్టిన 1755 వస్తువులు ఒకేచోట ప్రదర్శింపబడి గిన్నిస్ గ్రంథమున కెక్కినవి. సండూరు కుట్టునకు భౌగోళిక సూచికయు లభించినది. సంగారెడ్డి సీమ తండాలవారు సండూరువారి బంధుకోటియే, భాషయు ఒకటే.

2016 అక్టోబరు 11న మెదకు జిల్లానుండి సంగారెడ్డి జిల్లా వేరుపడినది. 2018 పంచాయతీరాజ్ చట్టముతో అనేకములగు తండాలు స్వతంత్ర గ్రామపంచాయతీలైనవి. పంచాయతీకి కార్యాలయము వచ్చినది, పుస్తకములు వచ్చినవి, ముద్ర వచ్చినది. ఆ పుస్తకములలో పొలమునకును, ఇంటికిని, పన్నునకును పుటలున్నవి. ఏ ముదుసలికి ఏ కుట్టు వచ్చునో వ్రాసికొను పుట ఇంకను లేదు. ఆ పేర్లును, ఆ కుట్ల నమూనాలును ఒక నోటుపుస్తకమున కెక్కించుట గ్రంథాలయములకు అలవికాని పని కాదు. దానికి కావలసినది ధనము కాదు, కొన్ని మధ్యాహ్నముల ఓపిక.

ఒక్క కుట్టు మాత్రము తండాలోను ఊరిలోను భేదము లేక నిలిచియున్నది. అది బొంత. పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి, అంచునుండి నడుమకు వరుసగా పరుగు కుట్లు వేసికొనుచు పోవుదురు. అందమునకు అతుకులు, ఓపికకు కుట్లు. అంగడిలో రగ్గు ఎంత చవుకగా దొరకినను బాలింత గదిలోనికి బొంతయే పోవలెను. దానికి పాలియెస్టరు పనికిరాదు. పసిబిడ్డ ఒంటికి చెమట పట్టును. అందుచేత కర్మాగారపు జీతముతో నిండిన ఇంటిలో కూడ, కాన్పు నెల దగ్గరపడగనే తాతగారి పాత నూలుపంచె ఏ పెట్టె అడుగున నున్నదో యని వెదకులాట మొదలగును.