కిక్రి వాటా నుంచి విద్యార్థి నిధి దాకా

2024వ సంవత్సరం మన ఆదివాసీ కళకు తీరని లోటు మిగిల్చి వెళ్లింది. జూన్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు కన్నుమూశారు. అక్టోబర్‌లో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం మార్లవాయికి చెందిన గుస్సాడి గురువు కనకరాజు గారు వెళ్లిపోయారు. కనకరాజు గారికి 2021లో, రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు. నాలుగు నెలల తేడాతో ఇద్దరినీ పోగొట్టుకున్నాం.

రెండుసార్లూ సంతాప సభలు పెట్టుకున్నాం. ఫోటోలు స్టేటస్‌లో పెట్టుకున్నాం. కానీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక ప్రశ్న మనం అడుక్కోలేదు. ఒక పాటగాడు తయారయ్యే పది పన్నెండేళ్లూ అతని ఇంట్లో పొయ్యి వెలిగించేది ఎవరు? పూర్వం ఎవరు వెలిగించారు? ఇప్పుడు ఎవరు వెలిగించాలి? ఈ వ్యాసం ఆ లెక్క గురించే.

పాత నిధి పేరు వాటా

ఆదిలాబాద్ గోండుల్లో ప్రతి వంశానికీ ప్రధాన్ కుటుంబం ఉంటుంది. కిక్రి వాయిస్తూ పెర్సపేన్ కథ, పహండి కుపార్ లింగాల్ కథ, వంశం పుట్టుక చెప్పేది ఆ ప్రధానే. ప్రధాన్ లేకుండా పెర్సపేన్ పూజ పూర్తికాదు. తోటి కళాకారులు కూడా గోండు వంశాల కథలు పాడుతూ వచ్చినవారే. గోదావరి లోయలో కోయలకు డోలీలు ఉన్నారు. వాళ్లు పడిగె విప్పి, డోలు కొట్టి, ఏ గట్టు వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో, ఇలవేల్పు ఎవరో, సమ్మక్క సారలమ్మల కథ ఏమిటో చెబుతారు. రాత లేని రోజుల్లో మన పుస్తకాలు వీళ్లే.

వీళ్లను ఊరు ఊరికే పోషించలేదు. పంట ఇంటికొచ్చినప్పుడు ధాన్యం, పెళ్లికి బట్టలు, కర్మకాండకు కానుక, కలిగిన ఇల్లయితే పశువు కూడా ఇచ్చేవారు. ఇది దయ తలచి వేసే భిక్ష కాదు, తరతరాలుగా కట్టుబడిన వాటా. పాడే కుటుంబానికి అది హక్కు, ఇచ్చే వంశానికి అది బాధ్యత. మధ్యప్రదేశ్‌లోని నర్మదా ఎగువ లోయ ప్రధాన్లలో కూడా ఇదే పద్ధతి ఉండేదని శ్యామ్‌రావ్ హివాలె 1946లో వచ్చిన పుస్తకంలో రాశాడు. అక్కడి ప్రధాన్లు మూడేళ్లకోసారి తమ గోండు ఇళ్లకు వెళ్లి కానుకలు అడిగి తీసుకునేవారు.

ఈ వాటాను ఇవాళ్టి మాటల్లో చూడండి. ధాన్యం ఏటేటా వచ్చేది కాబట్టి అది నిలకడైన ఆదాయం. కొడుకు తండ్రి పక్కన కూర్చుని నేర్చుకునే కాలంలో ఆ ధాన్యమే అతని ఉపకార వేతనం. తండ్రికి అదే గురుదక్షిణ. నలుగురి ముందు ఇచ్చేది కాబట్టి ఎవరు ఎంత ఇచ్చారో ఊరందరికీ తెలిసేది. అంటే దాత, విద్యార్థి, గురువు, లెక్క, నాలుగూ ఒకే కట్టుబాటులో ఉండేవి.

అయితే పాతదంతా బంగారం అని చెప్పడం నాకు ఇష్టం లేదు. పెర్సపేన్‌ను మేల్కొలిపే ప్రధాన్‌ను గోండులు తమకంటే ఒక మెట్టు కింద ఉంచారు, సరిసమానంగా పక్కన కూర్చోబెట్టుకోలేదు. వాటా హక్కే అయినా, తీసుకునేటప్పుడు చేయి చాచినట్టే అనిపించే పరిస్థితి ఉండేది. కిక్రి ఆడపిల్ల చేతికి ఇవ్వలేదు. మా నాన్న చాచిన చేయి నేను చాచను అని నేటి ప్రధాన్ యువకుడు, తోటి యువకుడు అంటే తప్పు పట్టకండి. ఆ మాటలో న్యాయం ఉంది.

వాటా ఎలా తెగింది

వాటా ఇవ్వాలంటే గోండు ఇంట్లో పంట ఉండాలి. పంట ఉండాలంటే భూమి ఉండాలి. నిజాం కాలంలో అడవులు రిజర్వు అయ్యాయి. పోడు ఆగింది. బయటి నుంచి వచ్చినవారి పేర ఆదివాసీ భూములకు పట్టాలు అయ్యాయి. దానిమీద తిరగబడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. భూమి పోయిన చరిత్ర మనకు తెలుసు. భూమితో పాటు కిక్రి వాటా కూడా పోయిందన్న సంగతి మాత్రం మనం పెద్దగా చెప్పుకోం. సొంత పిల్లలకే గింజలు చాలని రైతు వంశపు పాటగాడికి ఏం కొలుస్తాడు?

ఆ తిరుగుబాటు తర్వాత మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి పనిచేశాడు. 1943లో అక్కడ ఆదివాసీ ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండిలో వాచకాలు తయారయ్యాయి. అది మన చరిత్రలో గొప్ప మలుపు. క్రమంగా బడి భాష మారింది, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు. అది కావలసిందే. కానీ రాత్రిపూట తండ్రి పక్కన కూర్చుని కథ వినే పిల్లవాడు హాస్టల్‌లో ఉన్నాడు. బడికి ఉపకార వేతనం వచ్చింది, కిక్రికి రాలేదు. 1940లలో మొదలైన పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనాలు మనలో ఎందరినో నిలబెట్టాయి. అవి గుర్తింపు ఉన్న కాలేజీలో చదివేవారికి. గురువు ఇంటి అరుగు మీద చదివేవారికి కావు.

సర్కారు ఇచ్చేది ఎంత

ప్రభుత్వ పథకాలు లేవని కాదు. మన పిల్లలకు వాటి సంగతి తెలియకపోవడమే ఎక్కువ. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉన్న సీసీఆర్‌టీ 1982 నుంచి 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కళల ఉపకార వేతనాలు ఇస్తోంది. ఏటా ఇచ్చే 650లో 125 తరతరాలుగా కళనే నమ్ముకున్న కుటుంబాల పిల్లలకు, 100 గిరిజన సంస్కృతికి. ఏడాదికి 3,600 రూపాయలు, దానికి తోడు ఫీజు కింద 9,000 వరకు ఇస్తారు. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే పథకం మరొకటి ఉంది. ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాల గురుశిష్య పరంపర పథకంలో గురువుకు నెలకు 7,500, పక్క వాయిద్యగాడికి 3,750, శిష్యుడికి 1,500 లెక్క ఉంది.

ఈ మూడో పథకం లెక్కను గమనించండి. గురువుకూ, పక్క వాయిద్యగాడికీ కూడా డబ్బు ఉంది. మన పాత వాటా చేసిన పనీ అదే. డోలు ఒక్కటే మోగితే కోయ కథ నడవదు, పక్కన తాళం కావాలి. అయితే ఈ పథకాలన్నీ దరఖాస్తులతో, ధ్రువపత్రాలతో, ఎంపికలతో నడుస్తాయి. ఏ ఏడాది ఎవరికి దక్కుతుందో చెప్పలేం. సర్కారు సాయం అందని పిల్లకు, అందేలోపు ఎదురుచూసే పిల్లకు మన సొంత నిధి కావాలి.

ఒక్క జీతం చేసిన పని

నిలకడైన ఆదాయం ఏం చేస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే ప్రధాన్ల ఊరు ఉంది. అక్కడి యువకుడు జంగఢ్ సింగ్ శ్యామ్ గీసిన బొమ్మలు చిత్రకారుడు జె. స్వామినాథన్ దృష్టికి వచ్చాయి. 1982లో భోపాల్‌లో ప్రారంభమైన భారత్ భవన్‌లో అతనికి పని దొరికింది. తను బాగుపడి ఊరుకోలేదు. ఊరి నుంచి బంధువుల పిల్లలను పిలిపించి ఇంట్లో పెట్టుకుని నేర్పాడు. పాటలో ఉన్న దేవతలు కాగితం మీదికి వచ్చారు. నేడు గోండు చిత్రకళగా ప్రపంచమంతా చెప్పుకునేది ఆ ఇంట్లో పెరిగిన చెట్టే. నెలనెలా వచ్చే ఒక్క జీతం అంత పనిచేసింది. అది పాటకు దొరికి ఉంటే బానా వాయించే పిల్లలు ఇంకెంతమంది ఉండేవారో అనిపిస్తుంది.

మనకు దగ్గరలోనే మరో ఉదాహరణ ఉంది. కెస్లాపూర్‌లో నాగోబా ఆలయాన్ని మెస్రం వంశీయులు సొంత చందాలతో రాతి కట్టడంగా నిర్మించుకున్నారు. రైతులు, ఉద్యోగులు తమ శక్తి కొద్దీ వేసుకున్నారు. అంటే పెద్ద మొత్తం పోగుచేయడం, ఏళ్ల తరబడి దానికి లెక్క చెప్పుకోవడం మనవాళ్లకు చేతనైన పనే. గుడికి చేసింది గొంతుకు చేయలేమా?

నిధి నడపడం ఎలా

నిధి పెట్టడం ఒక సభలో అయిపోతుంది. నడపడమే కష్టం. మొదటి ఏడాది ఉత్సాహంగా పంచి, మూడో ఏడాదికి ఖాళీ అయిన నిధులను మనందరం చూశాం. అందుకని పాత వాటా నేర్పిన పాఠాలతోనే కొత్త నియమాలు రాసుకుందాం.

మొదటిది, విత్తనాలు తినకూడదు. మూలధనం ముట్టకుండా వడ్డీతోనే నడపాలి. ఉదాహరణకు 5 లక్షలు 7 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 35,000 వస్తుంది. ఇద్దరు విద్యార్థులకు నెలకు వెయ్యి చొప్పున పది నెలలకు 20,000. వారి గురువుకు నెలకు వెయ్యి చొప్పున 10,000. మిగిలిన 5,000 మూలధనంలో కలపాలి, లేకపోతే ధరలు పెరిగే కొద్దీ నిధి విలువ తరుగుతుంది. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఆదాయంలో 85 శాతం ధర్మకార్యానికి ఖర్చు చేయాలి, 15 శాతం వరకు దాచుకోవచ్చు. మన లెక్క ఆ హద్దులోనే ఉంది. మూలధనం కోసం ఇచ్చే దాత ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వాలి. లేకపోతే అది మామూలు ఆదాయం అవుతుంది.

రెండోది, ఖాతా వేరుగా ఉండాలి. జాతర చందా, భవనం చందా, విద్యార్థి నిధి ఒకే ఖాతాలో కలిస్తే ముందు ఖర్చయ్యేది విద్యార్థి సొమ్మే. చెక్కు మీద కనీసం ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. విదేశాల్లో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపే డబ్బు 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది, అనుమతి లేకుండా తీసుకోకూడదు. మన పౌరసత్వంతోనే అక్కడ ఉద్యోగం చేస్తున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేదానికి ఆ అడ్డు లేదు.

మూడోది, ఎంపిక. కమిటీ సభ్యుల పిల్లలు దరఖాస్తు పెడితే ఆ సభ్యుడు ఆ రోజు కమిటీలో కూర్చోకూడదు. పిల్లవాడి గొంతు ఒక్కటే చూడకూడదు, ఎవరి దగ్గర నేర్చుకుంటాడో, ఏడాది చివర ఏ కథ పూర్తిగా చెప్పగలగాలో ముందే రాసుకోవాలి. డబ్బు ఒకేసారి కాకుండా విడతలుగా ఇవ్వాలి. ఏ విడతకైనా పరీక్ష అంటే వేదిక కాదు, ముగ్గురు పెద్దల ముందు కూర్చుని చెప్పడమే. రెండు నిమిషాల వేదిక డాన్స్‌కు చప్పట్లు ఎలాగూ వస్తాయి. రాత్రంతా నడిచే కథకే మన డబ్బు అవసరం.

నాలుగోది, పాత తప్పులు దిద్దుకోవడం. ఇద్దరు విద్యార్థుల్లో ఒకరు ఆడపిల్ల కావాలి. ఏ తెగ పిల్లయినా ఏ వాయిద్యమైనా నేర్చుకోవచ్చు. అలాగని ప్రధాన్, తోటి, డోలి కుటుంబాలను దాటి పోకూడదు. నేర్పే గురువులు వాళ్లే కాబట్టి గౌరవం, వేతనం ముందు వాళ్లకే చేరాలి. డబ్బు ఇచ్చే ఫోటో తీసి గ్రూపుల్లో తిప్పవద్దు. నేరుగా విద్యార్థి ఖాతాలో వేయండి. చాచిన చేయి ఫోటోలో కనబడిన రోజు మనం మళ్లీ పాత మెట్టు కిందికే ఆ కుటుంబాన్ని దించినట్టు.

చివరిది, లెక్క చదవడం. ఊళ్లో పట్లా, పెద్దలు, అందరూ కూర్చున్న చోట వాటా తేల్చడం మన పద్ధతి. ఆడిట్ కాగితం ఫైల్లో ఉంటే సరిపోదు. ఏటా దండారి రోజుల్లోనో, మహాసభలోనో మైకులో చదవాలి. ఎంత వచ్చింది, ఎవరికి వెళ్లింది, ఎంత మిగిలింది. తర్వాత ఆ ఏడాది విద్యార్థి లేచి తను నేర్చుకున్నది వినిపించాలి. మన నిధికి అంతకు మించిన రసీదు లేదు.

మీలో అకౌంట్స్ చదివినవారు ఉన్నారు, ఫోన్‌లో రికార్డు చేయగలవారు ఉన్నారు, నెలకు వంద రూపాయలు పక్కన పెట్టగలవారు చాలామందే ఉన్నారు. కిక్రి పట్టడం రాకపోయినా ఫరవాలేదు, లెక్క పట్టండి. మీ ఊళ్లో కథ చెప్పగల పెద్దాయన ఎవరున్నారో ఈ వారమే వెళ్లి కనుక్కోండి. ఆయన దగ్గర కూర్చునే పిల్ల ఎవరో కూడా అడగండి. ఆ ఇద్దరి పేర్లూ రాసి మహాసభకు తీసుకురండి. నిధి పుస్తకంలో మొదటి పేజీ అదే.

సేవా జోహార్.