పాటగాళ్లు కట్టుకున్న గాజుమేడ

బార్సిలోనా అనగానే అందరూ వాస్తుశిల్పి గౌడీ పేరెత్తుతారు. నన్నడిగితే ఆ ఊళ్లో ముందు చూడాల్సింది గౌడీ కట్టింది కాదు. పాతపేటలో, తలెత్తి చూద్దామంటే వెనక్కి జరగడానికి చోటులేని ఇరుకు వీధిలో ఉంది ఆ కట్టడం. పేరు పలావ్ దె లా ముజికా కతలానా, అంటే కతలాన్ (కతలోనియా ప్రాంతపు) సంగీత భవనం.

దీన్ని రాజులెవరూ కట్టించలేదు. లూయిస్ మిలెత్, అమదేవ్ వివెస్ అనే ఇద్దరు సంగీతకారులు 1891లో ఒర్ఫెయో కతలా అనే బృందగాన సంఘం పెట్టారు. అంతకు కొన్ని దశాబ్దాల ముందే అన్సెల్మ్ క్లావె అనే ఆయన కార్మికుల్ని కూడగట్టి పాడించి, దారి వేసి ఉన్నాడు. మిల్లులతో ఊరు సంపన్నమైంది. మా భాష, మా పాట అన్న పట్టుదలా దానితోపాటే పెరిగింది. సంఘానికి సొంత గూడు కావాలనుకున్నారు. 1905లో శంకుస్థాపన, 1908 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం.

పని అప్పగించింది లూయిస్ డొమెనెక్ ఇ మొంటానెర్‌కి. వాస్తుకళ పాఠాలు చెప్పే గురువు, రాజకీయాల్లోనూ తలపండినవాడు. చుట్టూ ఇళ్లు ఒరుసుకునే స్థలంలో వెలుతురెక్కడిది? ఆయన బరువంతా ఇనుప చట్రం మీదికి నెట్టేశాడు. బరువు మోసే పని తప్పిన గోడల్ని రంగుటద్దాలతో నింపాడు. సభామందిరాన్ని పై అంతస్తుకి ఎక్కించాడు. అందుకే పగటిపూట అక్కడ దీపాల అవసరం పెద్దగా ఉండదు. ఈ భవనం అందాన్ని ఆడంబరం అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఆడంబరం లేదనీ అనను! కప్పు మధ్యలో అంతోని రిగాల్ట్ చేసిన గాజు గుమ్మటం తలకిందులుగా వేలాడుతుంది, జారబోయి ఆగిన తేనెబొట్టులా. దాని చుట్టూ పాడే ఆడపిల్లల ముఖాలు. వేదిక వెనక గోడలోంచి 18 మంది సంగీత దేవతలు వాద్యాలతో ముందుకొస్తారు. నడుము పైభాగం శిల్పం, కిందిభాగం రంగురాళ్ల మొజాయిక్. వేదికకు ఒక పక్క క్లావె, రెండో పక్క బీథోవెన్. బీథోవెన్ తలపైన వాగ్నర్ ఊహల్లోని గుర్రాలు దూకుతుంటాయి. కార్మికుల పాటకూ జర్మన్ సంగీతానికీ సమాన పీట వేయడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

తర్వాతి తరం ఇదంతా మోటని ఎగతాళి చేసింది. స్పెయిన్ నియంత ఫ్రాంకో పాలనలో కతలాన్ భాషకే గడ్డుకాలం వచ్చింది. 1960 మే నెలలో, కవి జువాన్ మరగాల్ శతజయంతి కచేరీలో ‘కాంత్ దె లా సెన్యెరా’ పాడకూడదన్నారు. అది మరగాల్ రాయగా మిలెత్ బాణీ కట్టిన, ఈ సంఘం జెండా పాట. వేదిక మీద నిషేధిస్తే ప్రేక్షకులు లేచి పాడారు. అరెస్టులు జరిగాయి. ఆ రోజు హాల్లో లేకపోయినా, ఈ నిరసన వెనక ఉన్నాడన్న ఆరోపణపై జోర్ది పుజోల్ అనే యువకుడు జైలుకెళ్లాడు. 1980లో ఆయనే కతలోనియా ప్రభుత్వాధినేత అయ్యాడు.

1980ల్లో వాస్తుశిల్పి ఆస్కార్ టుస్కెట్స్ భవనాన్ని విస్తరించాడు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. చూడ్డానికి గైడ్‌తో తిప్పే టికెట్టు దొరుకుతుంది గానీ, వీలైతే ఎండ ఉండగానే జరిగే కచేరీకి కొనుక్కోండి. అది పాట కోసం కట్టిన ఇల్లు మరి.