టీ కొండల మీద తెలుగు (నాలుగో భాగం)

మిరప కోతలప్పుడు పిడుగురాళ్ల చుట్టుపక్కల ఊళ్లకి కర్నూలు వైపు నుంచి కూలీలు ముఠాలుగా వస్తారు. మేస్త్రి అడ్వాన్స్ ఇస్తాడు, లెక్క కూడా ఆయన దగ్గరే ఉంటుంది. ఆ లెక్క ఎలా పెరుగుతుందో తెలిసినవాళ్లకి శ్రీలంక తోటల కంగాణి ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పల్నాడుకీ లంకకీ సంబంధం ఏంటని అడిగితే మాస్టార్లు నాగార్జునకొండ పేరు చెబుతారు. నిజమే. 3వ శతాబ్దంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనంలో తంబపణ్ణి, అంటే లంక, థేరవాదుల ప్రస్తావన ఉంది, సీహళ విహారం పేరు ఉంది. ఇంకో సంబంధం మాత్రం ఏ శాసనంలోనూ లేదు. అది తెలుగు మాట్లాడే అంటరానివాళ్లది.

వాళ్లు మన గుంటూరు నుంచి పోయినవాళ్లు కాదు. తరాలుగా తమిళ జిల్లాల్లో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే చక్కిలియర్లు, ఇప్పటి మాటలో అరుంధతీయులు. మన మాదిగలకి దగ్గరి బంధువులు అనుకోండి. కాండీ కొండల మీద తెల్లదొరలు కాఫీ వేసిన రోజుల్లో పళ్లర్లు, పరయర్లతో పాటు వీళ్లూ పడవెక్కి మన్నార్‌లో దిగి, అడవిలో నడిచి మాతలేకి చేరేవాళ్లు. కలరాకీ జ్వరాలకీ దారిలో రాలిపోయినవాళ్లు ఎందరో. మాతలేలో ముత్తుమారియమ్మ గుడి ఈ రోజుకీ ఉంది. దారిలో పోయినవాళ్లకి సమాధి లేదు. అదే డిక్కోయాలో 1878లో కట్టిన వార్లీ చర్చి ఆవరణలో దొరల సమాధుల మీద పేర్లు చక్కగా చదువుకోవచ్చు.

కాఫీకి కూలీ కొన్ని నెలలే కావాలి. 1867లో జేమ్స్ టేలర్ లూల్‌కండూరాలో టీ తోట వేశాడు. 1869 నుంచి తెగులు కాఫీని తినేసింది. టీ ఆకు ఏడాది పొడుగునా కోయాలి, అందుకని ఆడవాళ్లూ పిల్లలతో సహా కుటుంబాలు కొండల మీదే ఉండిపోయాయి. వాళ్లకిచ్చిన ఇళ్లని లైన్లు అంటారు. చాలా తోటల్లో ఆ లైన్లు కూడా కులాల వారీగానే ఇచ్చారు. సముద్రం దాటినా వాడ దాటలేదు! చక్కిలియర్లలో కొందరిని పట్టణాల్లో పాకీ పనికి పెట్టారు.

ఊళ్ల పేర్లు చూడండి. హ్యాటన్, డల్హౌసీ అన్నీ దొరల పేర్లే. శ్రీపాద కొండ కింద ఉన్న డల్హౌసీని కూలీలు నల్లతణ్ణి అన్నారు. తమిళంలో 'నల్ల' అంటే మంచి, 'తణ్ణి' అంటే నీళ్లు. కొండ ఎత్తు 2,243 మీటర్లు. పైన ఉన్న పాదముద్ర బుద్ధుడిదని బౌద్ధులు, శివుడిదని హిందువులు, ఆదాముదని ముస్లింలు అంటారు. డిసెంబర్ పౌర్ణమి నుంచి వైశాఖ పౌర్ణమి దాకా యాత్ర. దారి పొడుగునా కనిపించే పచ్చని వాలుల్ని తయారుచేసింది ఎవరో యాత్రికులకి చెప్పే బోర్డు ఉండదు.

1911 జనగణనలో వీళ్లందరినీ 'ఇండియన్ తమిళులు' అనే ఒకే గడిలో రాశారు. తెలుగు ఆ గడిలో పోయింది. 1948 పౌరసత్వ చట్టం ఆ గడిలో ఉన్నవాళ్లలో అత్యధికుల్ని ఏ దేశానికీ చెందనివాళ్లుగా చేసింది. 1964లో శాస్త్రి, సిరిమావో కూర్చుని పంచుకున్నారు: ఇండియాకి 5,25,000 మంది, లంకకి 3,00,000. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగం చేశారు. ఎక్కడుంటారని వాళ్లని ఎవరూ అడగలేదు.

ఓడ దిగినవాళ్ల సంగతి వచ్చే భాగంలో.

జై భీమ్.