బడిలో మన పిల్లల చోటు

పిల్లల్ని ఎప్పుడూ వరుస బెంచీల్లోనే కాక, చేసే పనిని బట్టి గుంపులుగా, గుండ్రంగా, చాపల మీద మార్చి మార్చి కూర్చోబెట్టమని ఈమధ్య శిక్షణల్లో చెబుతున్నారు. చాలామందికి ఇది కొత్త మాట. ఆదోని, ఎమ్మిగనూరు నేలకు మాత్రం పాతదే.

1823లో ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. కర్నూలు జిల్లాలో కలిసింది 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో అడిగిన మీదట బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ ఆ ఏడు బడుల గురించి నివేదిక పంపాడు. జిల్లా మొత్తంలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఆడపిల్లలు 60 మందే.

ఆ బడుల్లో పిల్లలు తమకు వచ్చిన చదువును బట్టి గుంపులుగా ఉండేవారు. పై గుంపును అయ్యవారు చూసుకుంటే, చిన్నవాళ్లకు చదువు వచ్చిన పిల్లలే చెప్పేవారు. మొదట ఇసుకలో వేలితో దిద్దేవారు. తర్వాత బొగ్గుపొడి పూసిన చెక్కపలక మీదో, గంజి పెట్టి మడిచి నల్లపూత పూసిన బట్ట కడితం మీదో రాసేవారు. పిల్లల చేత పిల్లలకు చెప్పించే ఈ తీరును ఇంగ్లండు కూడా తీసుకుంది. మద్రాసులో అనాథ బాలల బడి నడిపిన ఆండ్రూ బెల్ 1797లో దీనిమీద లండన్‌లో పుస్తకం వేశాడు.

ఇంత మంచి తీరులోనూ ఒక ముల్లు ఉంది. పొద్దున ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆఖరున వచ్చినవాడికి అందరికంటే ఎక్కువ.

మరి మన పిల్లలు? ఆ లెక్కలో బ్రాహ్మణ, వైశ్య, శూద్ర, ముస్లిం గడులున్నాయి. సుగాలి, ఎరుకల అన్న గడి లేదు. ఉంటే గింటే 'ఇతర కులాలు' అన్న 1,174 మందిలో ఉండాలి.

మా తరం గోనెపట్ట చంకన పెట్టుకుని తండా నుంచి నడిచి బడికి పోయింది. ఆలస్యమైతే గుమ్మం దగ్గరే చోటు. అక్కడినుంచి నల్లబల్ల సగమే కనిపించేది. అందుకే 2019లో మొదలైన 'నాడు-నేడు'తో బడులకు బల్లలు వచ్చినప్పుడు సంతోషించాం. నేల నుంచి బల్ల మీదికి రావడం మనకు గౌరవమే. దాన్ని వదులుకోమని మేం అనం.

కానీ మన పడమటి మండలాల సంగతి మనకు తెలుసు. మిరప కోతలకు తల్లిదండ్రులు గుంటూరు వైపు సుగ్గికి పోతే పిల్లలూ వెంట పోతారు. నెలల తర్వాత తిరిగి వస్తే వాళ్ల చోటులో ఇంకొకరుంటారు. మిగిలేది చివరి బెంచీ. బెత్తం లేదు గానీ, ఆఖరున వచ్చినవాడికి ఇప్పటికీ శిక్షే.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పల్లెబడులు దీనికి ఒక దారి చూపాయి. అక్కడ ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు గుంపులుగా కూర్చుంటారు. పాఠాలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. మధ్యలో మానేసి వచ్చినవాడు తాను ఆగిన మెట్టు నుంచే ఎక్కుతాడు. గుంపు మారుతుంది గానీ, వెనక వరుస అనేది ఉండదు.

ఇందుకు కొత్త సామాను అక్కర్లేదు. రెండు బల్లలు ఎదురెదురుగా తిప్పితే నలుగురి గుంపు అవుతుంది. గోడ వార ఒక చాప పరిస్తే చదువుకునే మూల అవుతుంది. సుగ్గి నుంచి వచ్చిన సుగాలి పిల్ల పక్కన గోర్ బోలి మాట్లాడే తోటిపిల్లను కూర్చోబెడితే మొదటి వారంలోనే నోరు విప్పుతుంది. తండాలో చదువుకున్న యువకులు సాయంత్రం ఒక గంట కూర్చుంటే, పోయిన పాఠాలు కొన్నైనా చేతికొస్తాయి.

సుగ్గికి పోయిన పిల్ల పేరు హాజరుపట్టీలో ఉంటుంది. తిరిగి వచ్చేసరికి గదిలో ఆమె చోటూ ఉండాలి.