బొమ్మలే దారి చూపే పుస్తకం: యువ యాత్రికుల గైడ్‌బుక్ ఎలా తయారవుతుంది?

సెలవులొస్తే ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడు చాలా ఇళ్లలో తేల్చేది పిల్లలే. ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లు ఫోన్లో ఒక రీల్ చూస్తారు, అక్కడికే వెళ్దాం అంటారు. రీల్ ఆ చోటును అందంగా చూపిస్తుంది. కానీ ఏ వైపు నుంచి లోపలికి వెళ్లాలి, ఎంత దూరం ఎక్కాలి, చూడాల్సింది ఎక్కడుంది, నమాజుకు చోటు ఉందా, ఆడపిల్లలకు బాత్రూమ్ సౌకర్యం ఎలా ఉంది అనేవి మాత్రం చెప్పదు. పాతకాలం గైడ్‌బుక్ ఇవన్నీ చెబుతుంది గానీ, పేజీ నిండా చిన్న అక్షరాలుంటే ఈ వయసు వాళ్లు చదవరు. ఈ రెండింటి మధ్యలో నిలిచేదే చిత్ర ప్రధాన గైడ్‌బుక్.

దీన్ని ఫొటో ఆల్బమ్ అనుకోవద్దు. తేడా తెలియాలంటే పేజీలో బొమ్మ మీద చెయ్యి పెట్టి మూసి చూడండి. మిగిలిన రాతతోనే పని జరిగిపోతే, ఆ బొమ్మ అలంకారం కింద లెక్క. బొమ్మ లేకపోతే దారే తెలియని పరిస్థితి ఉంటే అది నిజమైన చిత్ర ప్రధాన పేజీ.

ఈ పద్ధతి పాతదే

ఇది ఈ కాలపు కనిపెట్టుడు కాదు. 16వ శతాబ్దం ఆరంభంలో ముహియుద్దీన్ లారీ పారశీక పద్యాల్లో 'ఫుతూహ్ అల్ హరమైన్' రాశారు. హజ్ యాత్రికులకు మక్కా, మదీనాలలో ఏ చోట ఏం చేయాలో చెప్పే పుస్తకం అది. గుజరాత్ సుల్తాన్ ముజఫ్ఫర్ షాకు అంకితమిచ్చారు. దాని రాతప్రతుల్లో మస్జిద్ అల్ హరామ్ బొమ్మ చూడండి. కాబాను ఎదురుగా చూపిస్తారు, ఆవరణను మాత్రం పైనుంచి చూసినట్టు గీస్తారు, చుట్టూ ఉన్న కమానుల వరుసలను నాలుగు వైపులా నేల మీద పరిచినట్టు పెడతారు. కెమెరాతో ఇలాంటి బొమ్మ తీయలేం. కానీ అక్కడికి కొత్తగా వెళ్లినవాడు గుర్తుపట్టాల్సినవన్నీ ఒక్క పేజీలో ఉంటాయి. తర్వాత 17వ శతాబ్దంలో ఔరంగజేబ్ కుమార్తె జేబున్నిసా ప్రోత్సాహంతో సఫీ ఇబ్న్ వలీ రాసిన 'అనీస్ అల్ హుజ్జాజ్'లో యాత్రికులు, ఓడలు కూడా బొమ్మల్లోకి వచ్చాయి.

యూరప్‌లో 19వ శతాబ్దంలో పేరు తెచ్చుకున్న ముర్రే, బేడెకర్ గైడ్లు దీనికి వ్యతిరేకం. మ్యాపులు బ్రహ్మాండంగా ఉండేవి, మిగతాదంతా రాతే. పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఊళ్లను బొమ్మల్లో చూపినవాడు చెక్ చిత్రకారుడు మిరోస్లావ్ సాసెక్. 1959లో 'దిస్ ఈజ్ పారిస్' వచ్చింది, తర్వాత లండన్, రోమ్, న్యూయార్క్ వగైరా. కట్టడాలతో పాటు వీధిలో పోలీసు, పిల్లి, దుకాణదారు కూడా ఆయన బొమ్మల్లో ఉంటారు.

ఇప్పుడు మనం చూసే రూపాన్ని స్థిరపరిచింది మాత్రం లండన్ ప్రచురణ సంస్థ డోర్లింగ్ కిండర్స్‌లీ. 1974లో మొదలైన ఈ సంస్థ 1988లో పిల్లలకు 'ఐవిట్నెస్' పుస్తకాలు తెచ్చింది, 1993లో అదే పేరుతో ట్రావెల్ గైడ్లు మొదలుపెట్టింది. గోడ కోసి లోపల చూపించే కట్‌అవే బొమ్మలు, ఒక పేటను పక్షి చూపుతో వీధి వీధీ గీసిన పేజీలు వాటి ప్రత్యేకత. ఒక కట్టడం వివరమంతా ఎదురెదురుగా ఉన్న రెండు పేజీల్లోనే ముగిసేలా చూస్తారు. నిలబడి ఒక చేత్తో పుస్తకం పట్టుకున్నవాడు పేజీ తిప్పాల్సిన పని ఉండకూడదు మరి. అయితే వాటికీ ఒక లోటుంది. మందపు ఆర్ట్ పేపర్ వల్ల బరువెక్కువ, బ్యాక్‌ప్యాక్ వేసుకుని తిరిగే కుర్రాడికి అది ఇబ్బందే.

గోల్కొండను రెండు పేజీల్లో పెట్టాలంటే

మన దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. గోల్కొండ కోట ఫొటోలు నెట్‌లో వేలల్లో దొరుకుతాయి, ఎక్కువ భాగం రాళ్ల గోడలు, ఆకాశమే. కానీ గోల్కొండ గొప్పతనం ఫొటోకు దొరకదు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, గుట్ట మీద ఉన్న బాలా హిసార్‌లో వినిపిస్తుంది. శబ్దాన్ని ఫొటో ఎలా తీస్తాం? ఇక్కడ గీత గీసే చిత్రకారుడు కావాలి. కోటను పక్క నుంచి నిలువునా కోసినట్టు గీసి, కింద చప్పట్లు కొట్టే ఇద్దరు స్నేహితులను, పైన చెవి ఒగ్గిన మూడోవాడిని, మధ్యలో శబ్దం వెళ్లే దారిని చుక్కలతో చూపాలి. నీటి ఏర్పాటు కూడా అంతే. కింది నుంచి అంచెలంచెలుగా నీళ్లు పైకి తోడి మట్టి గొట్టాల్లో పంపేవారన్నది వాక్యంలో రాస్తే కుర్రాళ్లు దాటేస్తారు, కోసిన బొమ్మలో చూపిస్తే వేలు పెట్టి మరీ వెతుకుతారు.

చార్మినార్ పరిస్థితి వేరు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడం ఎలా ఉంటుందో తెలియనివాళ్లు లేరు, ఇంకో ఎదుటి ఫొటో వల్ల ఒరిగేదేం లేదు. లోపల మినార్‌లో తిరుగుతూ పైకి వెళ్లే మెట్లు, పై అంతస్తులోని మసీదు, 1889లో నాలుగు వైపులా పెట్టిన గడియారాలు, వీటిని చూపించే బొమ్మే పనికొస్తుంది. ఇక్కడో చిక్కుంది. చార్మినార్ ఎత్తు కొన్ని చోట్ల సుమారు 49 మీటర్లని, కొన్ని చోట్ల 56 మీటర్లని కనిపిస్తుంది. వాక్యంలో అయితే 'దాదాపు' అని తప్పించుకోవచ్చు. పక్కన మనిషిని నిలబెట్టి కొలత ప్రకారం గీసే బొమ్మలో తప్పించుకోలేం. అందుకే ఇలాంటి పుస్తకానికి రాత గైడ్ కంటే ఎక్కువ పరిశీలన కావాలి.

ఎవరి ఫొటో, ఎవరి అనుమతి

నాకు బాగా పట్టింపున్న విషయం ఇది. పాతబస్తీ గురించిన ట్రావెల్ పేజీలు చాలావాటిలో అవే మూడు నాలుగు ఫొటోలు: గాజుల దుకాణం, బిర్యానీ ప్లేటు, వెనక నుంచి తీసిన బుర్ఖా అమ్మాయి. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా? చిత్ర ప్రధాన పుస్తకంలో పేజీలో చోటు దొరికిందే ఊరు, దొరకనిది లేనట్టే లెక్క. పదిహేనేళ్ల పిల్ల ఆ పుస్తకం తెరిచి తన వీధిని అలా చూస్తే, తానూ ఒక వింత వస్తువేనేమో అనుకుంటుంది. అదే పేజీలో ట్యూషన్‌కు వెళ్లే పిల్లలు, పని చేసుకుంటున్న కార్ఖానా ఉస్తాద్, పేరుతో సహా వాళ్ల అనుమతితో ఉంటే చూసే తీరే మారుతుంది. ముఖం గుర్తుపట్టేలా ఉన్న ప్రతి ఫొటోకూ ముందే అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. మైనర్ అయితే అమ్మానాన్నలను అడగాలి. వద్దంటే ఊరుకోవాలి.

చట్టం సంగతి క్లుప్తంగా. కట్టడాన్ని ఫొటో తీసి ప్రచురించడం 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ కట్టడం కాపీరైట్‌కు ఉల్లంఘన కాదు. కానీ ఆ ఫొటో మీద హక్కు తీసినవారిది, వాళ్లు చనిపోయాక కూడా 60 ఏళ్ల పాటు ఉంటుంది. గూగుల్‌లో దొరికింది కదా అని వేసుకోకూడదు. దేశం మ్యాపు వేస్తే సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దులతో సరిపోవాలి, లేకుంటే 1961 నాటి చట్టం కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. విదేశీ వెబ్‌సైట్ నుంచి మ్యాపు దించుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

తెలుగు, ఉర్దూ ఒకే పేజీలో

ఇంగ్లీషు కోసం చేసిన లేఅవుట్లో తెలుగు క్యాప్షన్ పెడితే ఇరుకైపోతుంది. మనకు వత్తులు కిందికి, గుడులు పైకి వెళ్తాయి కాబట్టి లైన్ల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఉర్దూ నస్తాలీఖ్‌కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే పదం కుడి పై నుంచి ఎడమ కిందికి జారుతుంది. పాత డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోతుంటాయి, ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూది మరో తంటా. మొదటి రోజు నుంచే రెండూ యూనికోడ్‌లో ఉంచడం మేలు. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయకపోతే తెలుగు అక్షరాలు విడివిడిగా పడతాయి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. వరుసగా నాలుగు బొమ్మలు పెట్టి దారి చూపిస్తే తెలుగు చదివేవాడు ఎడమ నుంచి, ఉర్దూ చదివేవాడు కుడి నుంచి మొదలుపెడతాడు. ఇద్దరిలో ఒకరు కోట దిగే దారిని ఎక్కే దారి అనుకుంటారు. బొమ్మల మీద పెద్దగా 1, 2, 3, 4 అంకెలు వేస్తే గొడవ ఉండదు.

ఖర్చు లెక్క

అచ్చులో ఫొటో స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 పిక్సెల్స్ ఉండాలి. 6 అంగుళాల వెడల్పు బొమ్మకు 1800, రెండు పేజీల మీద పరిచే 12 అంగుళాల బొమ్మకు 3600. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమని ఫొటోగ్రాఫర్‌కు చెప్పాలి. పేజీల సంఖ్య 16 గుణిజంలో, అంటే 64, 80, 96 ఇలా పెట్టుకుంటే ప్రెస్‌లో కాగితం వృథా కాదు.

డబ్బు సంగతికొస్తే, లెక్క కోసం ఇలా అనుకుందాం. చిత్రకారుడు, ఫొటోలు, డిజైన్, ప్లేట్లు కలిపి 2 లక్షల రూపాయలు. కాగితం, అచ్చు, బైండింగ్ ఒక్కో కాపీకి 90. అప్పుడు 500 కాపీలు వేస్తే ఒక్కోటి 490 పడుతుంది, 2000 వేస్తే 190, 3000 వేస్తే సుమారు 157. ధర 300 పెట్టి, దుకాణానికి 40 శాతం కమీషన్ ఇస్తే చేతికి వచ్చేది 180. అంటే 2000 కాపీలు మొత్తం అమ్ముడైనా నష్టమే. రాత పుస్తకానికి లేని బరువు ఇది. బొమ్మల ఖర్చు ముందే పెట్టాలి, కాపీలు అమ్ముడైతేనే అది తిరిగొస్తుంది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రాష్ట్రమంతా కాకుండా ఒక్క ఊరితో, 32 పేజీల సెంటర్ పిన్ పుస్తకంతో మొదలుపెట్టడం నయం.

బస్సు నంబరు, టికెట్ ధర, ఫోన్ నంబరు లాంటివి బొమ్మ మీద రాయకూడదు. ఆరు నెలల్లో మారిపోతే మొత్తం పేజీ పాతబడుతుంది. వాటిని చివరి పేజీలోనో, క్యూఆర్ కోడ్ వెనకో ఉంచాలి. సాసెక్ పుస్తకాలను ఈ శతాబ్దంలో మళ్లీ అచ్చేసినప్పుడు బొమ్మలను అలాగే ఉంచి, మారిన వివరాలను చివరి పేజీలో విడిగా ఇచ్చారు.

ప్రెస్‌కు పంపే ముందు మామూలు ప్రింటర్ మీద డమ్మీ తీసి, ఆ ఊరు ఎప్పుడూ చూడని ఇద్దరు పిల్లలకు ఇచ్చి పంపండి. ఫోన్లు పెద్దవాళ్ల దగ్గరే ఉంచి, దూరం నుంచి గమనించండి. వాళ్లు ఎక్కడ ఆగి ఎవరినైనా దారి అడిగితే, ఆ పేజీని మళ్లీ గీయించాలి.