కంప్యూటరు మేలుకొనే కథ



గత వర్షాకాలంలో ఒక ఉదయం మా ఇంటి కంప్యూటరు స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. కాని నల్లని తెర మీద, బూట్ చేయడానికి పరికరం కనబడలేదని ఇంగ్లీషులో ఒక పంక్తి వచ్చి అక్కడే ఆగిపోయింది. మన సంఘం తరఫున నేను తయారు చేసిన ఆరుగురు సోదరీమణుల కుటుంబ పెన్షన్ దరఖాస్తులు, వారి భర్తల సర్వీసు వివరాలు అందులోనే ఉన్నాయి. మరొక ప్రతి తీసి ఉంచలేదు, ఆ తప్పు నాదే. రిపేరు కుర్రవాడు వచ్చి చూసి "ఫార్మాట్ కొట్టేద్దాం అంకుల్, అరగంటలో కొత్తదానిలా అవుతుంది" అన్నాడు. ఫార్మాట్ అంటే పలక తుడిచేయడమే కదా! ఒక్క రోజు ఆగమన్నాను. అసలు కంప్యూటరు ఎలా మొదలవుతుందో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు ఆ రోజే కలిగింది. అలా తెలుసుకున్న చరిత్రనే మీ ముందు ఉంచుతున్నాను.

కంప్యూటరు ఏ పని చేయాలన్నా దాని జ్ఞాపకంలో ఒక ప్రోగ్రాము ఉండాలి. ఆ ప్రోగ్రామును జ్ఞాపకంలోకి తెచ్చేది ఎవరు? దానికీ ఒక ప్రోగ్రామే కావాలి. విత్తు ముందా చెట్టు ముందా అన్న ప్రశ్న వంటిదే ఇది. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకోవడం అనే ఇంగ్లీషు వారి నానుడి నుంచి దీనికి "బూట్‌స్ట్రాప్" అని పేరు వచ్చింది. అదే కుదించుకుని "బూట్" అయింది. 1952లో ప్రకటించిన ఐ.బి.ఎం. 701 యంత్రానికి ఇందుకోసం "లోడ్" అనే మీట ఉండేది. అది నొక్కితే కార్డు నుంచో టేపు నుంచో మొదటి మాట లోపలికి వచ్చేది, అది మిగతావాటిని పిలిచేది.

1975లో అమెరికాలో వచ్చిన ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటరుకు ఆ సౌకర్యం కూడా లేదు. ముందు పలక మీది స్విచ్చులను పైకీ కిందికీ వేస్తూ తొలి ఆదేశాలను మనిషే ఒక్కొక్కటిగా ఎక్కించాలి. ఒక్క స్విచ్ తప్పు వేస్తే పని చెడినట్టే. కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలి.

ఈ అవస్థను తప్పించినది చెరగని చిప్పులో ముందే రాసి ఉంచిన ప్రోగ్రాము. దానికి "బయోస్" అన్న పేరు గ్యారీ కిల్డాల్ అనే ఆయన తన సి.పి.ఎం. వ్యవస్థలో వాడినది. 1981 ఆగస్టు 12న వెలువడిన ఐ.బి.ఎం. పీ.సీ.తో ఆ పేరు స్థిరపడింది. స్విచ్ వేయగానే బయోస్ ముందుగా జ్ఞాపకాన్ని, కీబోర్డును, ఇతర భాగాలను తనిఖీ చేసుకుంటుంది. అన్నీ బాగుంటే ఒక చిన్న కూత కూస్తుంది. తెర కార్డులో లోపముంటే ఆ తరం యంత్రాలు ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు కూసేవి. ఛందస్సు చదువుకున్న మన తరానికి అది భ గణమే! తెరే పనిచేయనప్పుడు లోపాన్ని చెప్పుకోవడానికి దానికి వేరే దారి లేదు.

1984లో వచ్చిన పీ.సీ. ఏ.టీ.లో మరొక మార్పు జరిగింది. తేదీ, డిస్కు వివరాలు గుర్తుంచుకోవడానికి బ్యాటరీతో నడిచే చిన్న జ్ఞాపకాన్ని అమర్చారు. మా ఇంటి కథకు మూలం ఇక్కడే ఉంది. మా మనుమరాలు ఫోనులో చెబుతుండగా నేను సెటప్ తెర తెరిచి చూస్తే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంది. లోపలి రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సి.ఆర్. 2032 రకం, చచ్చిపోయింది. దానితో అమరికలన్నీ మారిపోయి, డిస్కు ఎక్కడుందో యంత్రం మరచిపోయింది. కొత్త బ్యాటరీ వేసి, అమరిక సరిచేస్తే కంప్యూటరు లేచి కూర్చుంది. ఆరు దరఖాస్తులూ చెక్కు చెదరలేదు. ఆ కుర్రవాడిని తప్పు పట్టను. వాడికి నేర్పిన వైద్యం అదొక్కటే.

అన్ని రోగాలూ ఇంత తేలిక కావు. 1986లో లాహోరులో పుట్టిన "బ్రెయిన్" వైరసు ఫ్లాపీలోని బూట్ భాగంలోనే కాపురం పెట్టింది. 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. వైరసు డిస్కు మొదటి భాగాన్ని చెరపడమే కాక, కొన్ని యంత్రాలలో బయోస్‌ను కూడా పాడుచేసింది. అలాంటివి స్విచ్ వేసినా లేవలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర దగ్గర నిలిచిపోయాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో కూడా ఆ రోజు బోర్డింగు పాసులు చేతితో రాసి ఇచ్చారు. దానికి మందు, "సేఫ్ మోడ్"లో తెరిచి ఆ ఒక్క ఫైలును తీసివేయడం. 1995 నాటి విండోస్‌లో ఎఫ్8 మీట నొక్కితే వచ్చిన సేఫ్ మోడే ముప్పై ఏళ్ళకు కూడా అక్కరకు వచ్చింది.

కాబట్టి సభ్యులకు నా మనవి ఇది. కంప్యూటరు లేవకపోతే కంగారు పడవద్దు. ముందు ప్లగ్గు, తీగలు చూడండి. తగిలించి ఉన్న పెన్ డ్రైవులు తీసివేయండి. కూత వినండి, తెర మీది మాటను కాగితం మీద రాసుకోండి. తేదీ తప్పుగా ఉంటే బ్యాటరీని అనుమానించండి. ఇప్పటి విండోస్ వరుసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే తానే మరమ్మతు తెర చూపుతుంది, సేఫ్ మోడ్ అందులో ఉంటుంది. కొన్ని కొత్త యంత్రాలు అప్పుడు 48 అంకెల తాళం సంఖ్య అడుగుతాయి. దానిని ముందుగానే రాసి పెన్షన్ పుస్తకం వద్ద భద్రపరచుకోండి. ఎవరైనా ఫార్మాట్ అంటే, ముందు లోపలి కాగితాలు బయటికి తీయమని అడగండి.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి నెలా పెన్షన్ పడిన రోజున దస్త్రాలన్నిటికీ ఒక ప్రతి పెన్ డ్రైవులోకి ఎక్కుతున్నది. ఆరుగురిలో నలుగురికి పెన్షన్ మంజూరైంది. మిగిలిన ఇద్దరి కాగితాలూ ఆ పాత కంప్యూటరులోనే, పక్కన ప్రతితో సహా, భద్రంగా ఉన్నాయి.